కుక్కలు, పిల్లుల్లో ఆందోళన: గుర్తింపు, ఉపశమనం

ఎదుట ప్రమాదమేదీ లేకపోయినా ఏదో ముంచుకొస్తున్నట్టు ఒళ్ళంతా బిగబట్టుకుని ఉండే స్థితిని ఆందోళన అంటారు. ఇది మనుషులకే పరిమితం కాదు. కుక్కలకూ పిల్లులకూ ఉంటుంది. వాటి మెదడులో, రక్తంలో, జీర్ణకోశంలో కొలవగలిగిన మార్పులు తెస్తుంది. ఇంట్లో మాత్రం ఇది ఎక్కువగా వేరే పేర్లతో చలామణి అవుతుంది. తలుపు గీకే కుక్కను మొండిదంటారు, మంచం మీద మూత్రం పోసిన పిల్లిని పొగరుబోతంటారు, మూల నక్కి కదలని జంతువును బుద్ధిమంతురాలంటారు. పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది. ఈ స్థితిని గుర్తించడం, తగ్గించడం ఈ వ్యాస విషయం.

తెలుగు నుడికారంలో ఈ లక్షణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. జంకినవాణ్ని తోక ముడిచాడంటాం. నిలకడ లేకుండా అటూ ఇటూ తిరిగేవాణ్ని కాలుగాలిన పిల్లితో పోలుస్తాం. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని పెద్దలు చెబుతారు. మొదటి రెండూ భయం గుర్తులు. మూడోదానిలో అంతకంటే లోతైన విషయముంది: తప్పించుకునే దారి మూసుకుపోయినప్పుడే భయం పంజా విసురుతుంది. ఆధునిక పరిశోధన కూడా ఇంచుమించు ఈ మాటే చెబుతోంది.

భయం, ఆందోళన, ఫోబియా

ఎదుట ఉన్న ముప్పుకు వచ్చే ప్రతిస్పందన భయం. కర్ర ఎత్తిన మనిషిని చూసి కుక్క వెనక్కి తగ్గుతుంది, ఆ మనిషి వెళ్ళిపోగానే సర్దుకుంటుంది. ప్రాణం నిలబెట్టే ఈ గుణం ఉండాల్సిందే. ఆందోళన రాబోయేదాని గురించి. ఇంటివాళ్ళు ఇంకా గడప దాటకముందే, తాళంచెవుల గలగల వినగానే కుక్క ఒగర్చడం మొదలుపెడితే అది ఆందోళన. కారణానికి ఏమాత్రం పొంతన లేనంత తీవ్రంగా వచ్చి, త్వరగా తగ్గకుండా, ప్రతిసారీ తిరిగి వచ్చే భయాన్ని ఫోబియా అంటారు. ఉరుములకూ టపాసులకూ కొన్ని కుక్కల్లో కనిపించేది ఇదే.

ఒంట్లో జరిగేది

మెదడులోని అమిగ్డాలా ముప్పును పసిగట్టగానే హైపోథాలమస్ ద్వారా అడ్రినల్ గ్రంథులకు సంకేతం వెళుతుంది. అడ్రినలిన్ క్షణాల్లో విడుదలవుతుంది, కార్టిసోల్ ఆ వెనుకే పెరుగుతుంది. గుండె వేగం హెచ్చుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, రక్తం కండరాలకు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కుక్కలకూ పిల్లులకూ చెమట ప్రధానంగా అరికాళ్ళకే పడుతుంది. ఆసుపత్రి స్టీలు బల్ల మీద పిల్లి నిలబడ్డచోట తడి అడుగుల ముద్రలు మిగలడానికి అదే కారణం.

వినికిడి తేడా కూడా గుర్తుంచుకోవాలి. మనిషి సుమారు 20 కిలోహెర్ట్జ్‌ల వరకు వినగలడు. కుక్క దాదాపు 45, పిల్లి 64 కిలోహెర్ట్జ్‌ల వరకు వినగలవు. మనకు నిశ్శబ్దంగా తోచే గది వాటికి నిశ్శబ్దం కాకపోవచ్చు.

అధ్యయన చరిత్ర

చార్లెస్ డార్విన్ 1872లో మనుషులు, జంతువుల భావోద్వేగ వ్యక్తీకరణపై వెలువరించిన గ్రంథంలో కుక్క, పిల్లి భంగిమలను బొమ్మలతో సహా వివరించాడు. 19వ శతాబ్దం చివర్లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ ఎక్స్‌రేలతో పిల్లుల జీర్ణక్రియను గమనిస్తూ, పిల్లి కలత చెందగానే కడుపు కదలికలు ఆగిపోవడం చూశాడు. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందన్న అతని సిద్ధాంతానికి ఇలాంటి పరిశీలనలే దారితీశాయి. బెదిరిన పిల్లి అన్నం ముట్టకపోవడం అలక కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

1924లో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగశాల కుక్కలు మునిగిపోయే స్థితి నుంచి బయటపడ్డాయి. తర్వాత కొన్నింటిలో అంతకుముందు నేర్చినవన్నీ చెదిరిపోయాయి. కోలుకున్న ఒక కుక్క ఉన్న గదిలోకి తలుపు కింది నుంచి సన్నని నీటిధార పారనివ్వగానే పాత కలవరం తిరగబెట్టింది. ఒక్క భయంకర అనుభవం ఎంతకాలం వెంటాడుతుందో ఆ నీటిధార చూపించింది.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాలు కఠినమైనవి. విద్యుత్ షాకును తలతో పలక నొక్కి ఆపగలిగిన కుక్కలు, తర్వాత మరో పెట్టెలో షాకు తగిలినప్పుడు అడ్డు దూకి తప్పించుకున్నాయి. ఏం చేసినా షాకును ఆపలేకపోయిన కుక్కల్లో ఎక్కువ భాగం, దారి తెరిచి ఉన్నా, మూలుగుతూ అక్కడే పడి ఉన్నాయి. దీనికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టారు. అర్ధ శతాబ్దం తర్వాత, 2016లో ఆ ఇద్దరే తమ వివరణను సవరించారు. చేతులెత్తేయడం దీర్ఘకాలపు కష్టానికి మెదడు సహజంగా ఇచ్చే స్పందన అనీ, నిజానికి నేర్చుకునేది పరిస్థితి తన అదుపులో ఉందన్న సంగతే అనీ చెప్పారు. పెంపుడు జంతువుల విషయంలో దీని అర్థం సూటిగా ఉంది. కదలకుండా పడివున్న కుక్క ప్రశాంతంగా ఉందని అనుకోకూడదు. తన చేతిలో ఏదో ఒక దారి ఉందన్న అనుభవాన్ని దానికి ఇవ్వాలి.

కారణాలు

వంశపారంపర్యంగా వచ్చే పిరికితనం కొంత ఉంటుంది. పసితనంలో ఏం చూసిందన్నది అంతకు తక్కువైనదేమీ కాదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అమెరికాలో సాగించిన సుదీర్ఘ పరిశోధన 1965లో గ్రంథంగా వచ్చింది. కుక్కపిల్లలు మనుషులతో, పరిసరాలతో పరిచయం పెంచుకునే కీలక కాలం సుమారు 3 నుంచి 12 వారాలని అది తేల్చింది. పిల్లికూనలకు ఆ కాలం ఇంకా ముందే, దాదాపు 2 నుంచి 7 వారాల మధ్య గడిచిపోతుంది. ఆ రోజుల్లో మనిషి చెయ్యి, మిక్సీ మోత, ఆటో చప్పుడు, చిన్నపిల్లల కేకలు ఏవీ ఎరగకుండా అమ్మకపు పంజరంలో పెరిగిన కూనకు తర్వాత ప్రతిదీ కొత్తే. తల్లి నుంచి మరీ త్వరగా వేరుచేయడం కూడా హాని చేస్తుంది.

ఇల్లు మారడం, ఇంట్లో పసిబిడ్డ పుట్టడం, కొత్త జంతువు రావడం, ఇంటిమనిషి దూరమవడం, దెబ్బలు తినడం మరికొన్ని కారణాలు. చాలామంది పట్టించుకోనిది నొప్పి. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2018లో వెలువరించిన అధ్యయనంలో, శబ్దభయంతో బాధపడే కొన్ని కుక్కల్లో కండరాలు, కీళ్ళ నొప్పి దాగి ఉన్నట్టు తేలింది. చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడల్లా నొప్పి పెడితే, చప్పుడే నొప్పి అన్న ముడి పడిపోతుంది.

హెల్సింకీ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన సర్వేలో ఫిన్లండులోని దాదాపు 14,000 కుక్కల వివరాలు సేకరించారు. వాటిలో 72.5 శాతం ఏదో ఒక ఆందోళన సంబంధ ప్రవర్తన కనబరిచాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది శబ్దాలపట్ల భయం, 32 శాతం కుక్కల్లో.

కుక్కల్లో గుర్తులు

తొలి గుర్తులు చాలా చిన్నవి. ఎదుట తిండి లేకపోయినా నాలుకతో ముక్కును, పెదాలను తడుముకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, ఒక ముంగాలు ఎత్తి నిలబడటం, చెవులు వెనక్కి వాల్చడం. తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పడంతో కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం మరో గుర్తు. బిడ్డ కుక్క మెడ కౌగిలించుకున్న ఫొటోల్లో ఈ నెలవంక తరచు కనిపిస్తుంది. ఫొటో ముచ్చటగా ఉన్నా కుక్క వదిలేయమంటోందన్నమాట.

ఈ సంకేతాలు ఫలించకపోతే స్వరం పెరుగుతుంది. ఎండ లేకపోయినా ఒగర్పు, వణుకు, చొంగ, గది చుట్టూ ఆగకుండా తిరగడం, ఇంటిమనిషిని అంటిపెట్టుకుని ఉండటం, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకోవడం, ఉన్నచోటే మలమూత్రాలు పోవడం, చివరికి గుర్రుమనడం, కరవడం. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం పోదు. ఇకపై హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

తోక ఊపిందంటే సంతోషమేనన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. ఇటలీ పరిశోధకులు 2007లో గమనించినదాని ప్రకారం ఇంటిమనిషిని చూసినప్పుడు తోక ఊపు కుక్కకు కుడివైపు ఎక్కువగా మొగ్గింది, పెత్తనం చేసే అపరిచిత కుక్కను చూసినప్పుడు ఎడమవైపు మొగ్గింది. ఇంట్లో ఆ తేడా కనిపెట్టడం కష్టమే. నడుముతో సహా ఒళ్ళంతా వదులుగా ఊగుతోందా, ఒళ్ళు బిగుసుకుని తోక ఒక్కటే కదులుతోందా అన్నది మాత్రం ఎవరైనా చూడగలరు.

పిల్లుల్లో గుర్తులు

పిల్లి వేటాడే జంతువే కాదు, పెద్ద జంతువులకు వేట కూడా. అందుకే బాధను దాచడం దాని స్వభావం. అరుపుల కంటే అలవాట్ల మార్పును గమనించాలి. మంచం కిందో అల్మారా పైనో గంటలకొద్దీ దాక్కోవడం, తిండి తగ్గడం, ఆటకు రాకపోవడం, లిటర్ ట్రే వదిలి దుప్పట్ల మీద మూత్రం పోయడం, తోక నిలబెట్టి గోడలకు మూత్రం చిమ్మడం, పొట్టమీదో తొడల లోపలో బొచ్చు ఊడిపోయేంతగా నాకుకోవడం ముఖ్యమైనవి. భయపడ్డ పిల్లి నాలుగు కాళ్ళూ ఒంటి కిందికి లాక్కుని, తోకను ఒంటికి చుట్టుకుని, చెవులు పక్కలకు అణచి ముద్దలా కూర్చుంటుంది. కంటిపాపలు నల్లగా గుండ్రంగా విచ్చుకుంటాయి. గురగుర శబ్దాన్నిబట్టి హాయిగా ఉందని తేల్చేయకూడదు. నొప్పితో ఉన్న పిల్లులూ గురగురలాడతాయి.

పిల్లి మూత్రసంచికీ మనసుకూ దగ్గరి సంబంధముంది. సూక్ష్మజీవులేవీ సోకకుండానే మూత్రంలో రక్తం, మాటిమాటికీ ముక్కడం కనిపించే వ్యాధి ఒకటుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం దాన్ని ఒత్తిడితో ముడిపెట్టి, ఇంటి పరిసరాలు మెరుగుపరచడమే చికిత్సలో ముఖ్య భాగమని చూపింది. మగపిల్లి మూత్రానికి ముక్కుతూ చుక్కకూడా పోయలేకపోతుంటే అది అత్యవసర స్థితి. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అలాగే రెండు మూడు రోజులు తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుపాటిదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం రావచ్చు.

ముఖ్య రూపాలు

ఒంటరితనపు ఆందోళన: ఇంటివాళ్ళు వెళ్ళిన అరగంటలోపే సాధారణంగా మొదలవుతుంది. తలుపులు, కిటికీల దగ్గరే విధ్వంసం జరగడం, ఏడుపు లాంటి ఊళ, చొంగ, మలమూత్రాలు దీని ఆనవాళ్ళు. విసుగుతో చెప్పు కొరికిన కుక్కకూ దీనికీ తేడా తెలియాలంటే పాత ఫోన్ ఒకటి కెమెరాగా పెట్టి వెళ్ళడమే తేలిక మార్గం.

శబ్దభయం: ఉరుములు, టపాసులు, డీజే, బారాత్ బ్యాండు దీనికి ఊతమిస్తాయి. ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడుకు జంతువు అలవాటు పడదు.

ప్రయాణం, ఆసుపత్రి భయం: ముఖ్యంగా పిల్లుల్లో. క్యాట్ క్యారియర్ (పిల్లిని తీసుకెళ్ళే పెట్టె) అటక మీది నుంచి దిగడమే వాటికి ప్రమాద సంకేతం.

వయసు మీరిన జంతువుల్లో రాత్రిపూట తిరగడం, అకారణంగా అరవడం, తెలిసిన గదిలోనే దారి తప్పడం మెదడు క్షీణత గుర్తులు కావచ్చు. ముసలితనమని వదిలేయకుండా పరీక్ష చేయించాలి.

ఉపశమనం: పరిసరాలు

నెదర్లాండ్స్‌లో 2014లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధన, పరిసరాలు మారిస్తే ఆందోళన తగ్గుతుందనడానికి మంచి ఉదాహరణ. షెల్టర్‌కు కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దూరడానికి ఒక పెట్టె ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవి మిగతావాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. ఇంట్లో ఒక అట్టపెట్టె అదే పని చేస్తుంది. దాన్ని ప్రహరీ దాటి చూడగలిగే ఎత్తులోనో నిశ్శబ్దంగా ఉండే మూలనో ఉంచి, అందులో ఉన్నప్పుడు పిల్లిని ఎవరూ బయటికి లాగకుండా చూడాలి. పిల్లులెన్ని ఉంటే అంతకంటే ఒక లిటర్ ట్రే ఎక్కువ ఉండటం, తిండి, నీళ్ళు, ట్రే వేర్వేరు చోట్ల ఉండటం మేలు. ఒకే చోట పెడితే ఇంకో పిల్లి కాపలా కాసి దారి కట్టేస్తుంది.

2020లో ఇంగ్లండు పరిశోధకులు మరో చిన్న సంగతి నిరూపించారు. మనిషి కళ్ళు సగం మూసి నెమ్మదిగా రెప్ప వేస్తే పిల్లి కూడా అలాగే బదులివ్వడం, ఆ మనిషి దగ్గరికి రావడం పెరిగింది. తేరిపార చూడటం పిల్లికి బెదిరింపు, వాలిన రెప్ప అభయం.

కుక్కకు వేళ తప్పని తిండి, నడక, నిద్ర కావాలి. నడకలో పరుగు లెక్క కంటే వాసన చూసే తీరిక ముఖ్యం. బెల్‌ఫాస్ట్‌లో డెబోరా వెల్స్ 2002లో వెలువరించిన అధ్యయనంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటున్న షెల్టర్ కుక్కలు ఎక్కువసేపు విశ్రాంతి తీసుకున్నాయి, హెవీ మెటల్‌కు మొరుగుడు పెరిగింది.

ఉపశమనం: అలవాటు మార్చడం

మనోవైద్యుడు జోసెఫ్ వోల్ప్ దక్షిణాఫ్రికాలో పిల్లులపై చేసిన పని ఇక్కడ ఆధారం. ఒక బోనును చూస్తేనే తిండి మానేసే పిల్లులకు, ఆ బోను ఉన్న గదికి బొత్తిగా పోలికలేని గదిలో తిండి పెట్టాడు. తర్వాత కొంచెం పోలికున్న గదిలో, ఆపై ఇంకొంచెం దగ్గరగా, చివరికి బోనులోనే. భయం కరిగింది. మనుషుల ఫోబియాలకు నేడు వాడే చికిత్స 1958 నాటి అతని గ్రంథంతో ఇక్కడి నుంచే విస్తరించింది. సూత్రం రెండు ముక్కలు: భయపెట్టేదాన్ని భయం పుట్టనంత తక్కువ మోతాదులో చూపడం, చూపిన ప్రతిసారీ ఇష్టమైనది ఇవ్వడం.

క్యాట్ క్యారియర్‌తో ఇది ఇలా సాగుతుంది. మొదటి వారం దాన్ని తలుపు తీసి హాల్లో ఒక మూల ఉంచి, లోపల పాత తువ్వాలు పరుస్తారు. ఎవరూ దాని ఊసెత్తరు. పిల్లి వాసన చూసి వెళ్ళిపోతుంది. తర్వాత గడప దగ్గర రెండు ఉడికించిన చికెన్ ముక్కలు, ఆ తర్వాత కొంచెం లోపల, ఇంకా లోపల. ఒక మధ్యాహ్నం పిల్లి అందులోనే పడుకుని కనిపిస్తుంది. అప్పుడు తలుపు ఒక్క క్షణం మూసి తీస్తారు. మరో రోజు ఎత్తి దించుతారు. ఏ మెట్టులోనైనా ముక్క ముట్టకపోతే తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగాలి. కానన్ చూసిన ఆగిపోయిన కడుపే ఇక్కడ కొలమానం.

ఒంటరితనానికీ అదే పద్ధతి. తాళంచెవులు తీసి, మళ్ళీ పెట్టేసి, కూర్చుంటారు. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళతారు. కుక్క పట్టించుకోవడం మానేశాక తలుపు తీసి అయిదు సెకన్లు, పది సెకన్లు, ఒక నిమిషం బయట ఉంటారు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావుడి చేయరు. శిక్షణ సాగే రోజుల్లో దాన్ని ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరి తోడు ఏర్పాటు చేసుకోవాలి.

దీపావళి రాత్రి

మొదటి బాంబు రెండు వీధుల అవతల పేలుతుంది. ఎముక నములుతున్న కుక్క ఆగి, పెదవి నాకి, కిటికీ వైపు చూస్తుంది. రెండోదానికి లేస్తుంది. మూడోదానికి ఫ్యాన్ కింద కూడా నాలుక వేలాడేసి ఒగరుస్తూ బాత్రూమ్‌లోకి వెళ్ళి బకెట్ వెనుక ఇరుక్కుంటుంది. వీధివైపు కిటికీ లేని ఇరుకు గదిని అదే ఎంచుకుంది. ఇంటివాళ్ళు చేయాల్సింది అక్కడ ఒక దుప్పటి పరిచి, నీళ్ళ గిన్నె పెట్టి, తలుపు తెరిచి ఉంచడం. దగ్గరికొస్తే ఒళ్ళు నిమరడంలో తప్పులేదు. ఊరడిస్తే భయం అలవాటవుతుందన్నది అపోహ. బయటికి లాగి ధైర్యం నేర్పబోవడమే హాని.

నడక చీకటి పడకముందే ముగించాలి. కిటికీలు మూసి, తెరలు దించి, టీవీ కొంచెం పెంచాలి. బెదిరి పారిపోతే దొరికేలా మెడ బెల్టుకు ఫోన్ నంబరు ఉండాలి. మన దేశపు నిబంధనల ప్రకారం పేలే చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించిన మోత చేసే టపాసుల తయారీ, అమ్మకం, వాడకం నిషిద్ధం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం చేసే టపాసులు కాల్చకూడదు. వీధి కుక్కలకు మన ఇంటి బాత్రూమ్ లేదు. ఆ రాత్రి మెట్ల కిందో పార్కింగ్‌లోనో నక్కినదాన్ని తరమకుండా వదిలేయడం కూడా ఉపశమనమే. మూలకు చేరిన అలాంటి కుక్కను తాకబోకూడదు. కరిస్తే గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకాకు వెళ్ళాలి.

మందులు

శిక్షణతో పాటు మందు అవసరమయ్యే జంతువులున్నాయి. అమెరికాలో ఒంటరితనపు ఆందోళనకు కుక్కల కోసం క్లోమిప్రమిన్‌ను 1998లో, ఫ్లూయాక్సెటిన్‌ను 2007లో అనుమతించారు. ఇవి రోజూ వేయాల్సినవి, ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది. శబ్దభయానికి చిగుళ్ళకు రాసే డెక్స్‌మెడెటొమిడిన్ జెల్‌కు 2015లో, ప్రయాణం, ఆసుపత్రి భయానికి పిల్లుల కోసం ప్రెగాబలిన్ ద్రావకానికి 2023లో అక్కడ అనుమతి దొరికింది. కుక్కను కదలకుండా మాత్రమే చేసే ఎసిప్రొమజిన్‌ను ఒక్కదాన్నే శబ్దభయానికి వాడటాన్ని నిపుణులు ప్రోత్సహించరు. ఒళ్ళు మొద్దుబారినా లోపల భయం అలాగే ఉండవచ్చు. పిల్లుల ముఖ గ్రంథుల వాసనల్ని పోలిన ఫెరొమోన్ డిఫ్యూజర్లు హాని చేయవు, ఫలితం మాత్రం జంతువును బట్టి మారుతుంది.

ఏ మందైనా పశువైద్యులు బరువు, కాలేయం, వాడుతున్న ఇతర మందులు చూసి రాయాలి. ఇంట్లోని మనుషుల మాత్రలు వేయకూడదు. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు శరీర పరీక్ష, ఆ తర్వాతే మనసు సంగతి.

కోలుకుంటున్న గుర్తులు

మెరుగుదల ఒక్కసారిగా రాదు. అందుకే చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోవడం మంచిది: ఏం జరిగింది, ఎంత భయపడింది, మళ్ళీ తిండి ముట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. భయం పూర్తిగా పోకపోయినా, ఆ నిమిషాలు తగ్గుతుంటే దారి సరైనదే. బెదురు తీరాక కుక్క తడిసినట్టు ఒళ్ళంతా ఒక్కసారి దులుపుకుంటుంది. కాళ్ళు చాచి పక్కకు ఒరిగి నిద్రపోతుంది. పిల్లి తోకను నిలువుగా ఎత్తి, కొస కొంచెం వంచి ఎదురొస్తుంది. అట్టపెట్టె అక్కడే ఉంటుంది, బాత్రూమ్ తలుపు తెరిచే ఉంటుంది. వాటిని వాడుకోవాల్సిన అవసరం మాత్రం నెలనెలకూ తగ్గుతూ వస్తుంది.